ప్రాగ్ నగరాన్ని ఒక్క రోజులో నడిచి చూడటం ఎలా?

చెక్ రాజధాని ప్రాగ్‌లో ముఖ్యమైన చారిత్రక కట్టడాలు చాలావరకు వ్ల్తావా నదికి ఇరువైపులా, కాలినడకన చేరుకోగలిగినంత దగ్గరలోనే ఉన్నాయి. అయితే కోట గుట్ట మీద ఉంది కనుక, కింది నుంచి ఎక్కడం మొదలుపెట్టినవారు మధ్యాహ్నానికే అలసిపోతారు. పైకి ట్రామ్‌లో వెళ్లి, కిందికి నడిచి దిగడం మేలు. వీధులన్నీ రాళ్లు పరిచినవే కాబట్టి మందమైన అడుగున్న బూట్లు తప్పనిసరి.

ముందుగా, సూర్యోదయానికల్లా పాత పట్టణం వైపు నుంచి చార్లెస్ వంతెన మీదికి చేరుకోండి. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో శంకుస్థాపన చేసిన ఈ వంతెన పొడవు సుమారు 516 మీటర్లు. దానికి ఇరువైపులా కలిపి 30 విగ్రహాలున్నాయి. పొద్దెక్కితే జనసమ్మర్దంలో వాటిని నిలబడి చూసే వీలుండదు. 1393లో రాజాజ్ఞపై నదిలోకి పడవేయబడిన క్రైస్తవ మతాచార్యుడు నెపొముక్ యోహాను విగ్రహం దగ్గర కాసేపు ఆగండి. తరతరాలుగా యాత్రికులు తాకుతూ వచ్చినందువల్ల దాని పీఠంలోని కంచు ఫలకాలు అక్కడక్కడ బంగారంలా మెరుస్తాయి.

వంతెన దాటాక 22వ నంబరు ట్రామ్ ఎక్కి పోహోర్జెలెత్స్ స్టాపులో దిగండి. కాగితపు టికెట్ కొన్నట్లయితే ఎక్కగానే యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరువకండి. అక్కడి నుంచి కోట వరకు నడక తేలిక. 1344లో మొదలై 1929లో గాని పూర్తికాని, కోట లోపలి సెయింట్ వైటస్ కేథడ్రల్‌కు కనీసం గంట కేటాయించాలి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి కనుక ఆ రోజు మధ్యాహ్నం వెళ్లాలి.

తర్వాత నెరుడొవా వీధి గుండా దిగండి. నాకు ఈ నగరంలో అన్నిటికంటే ఇష్టమైన వీధి ఇదే. 1770లో ఇంటి నంబర్లు రాకముందు ఇళ్లను గుర్తులతోనే పిలిచేవారు. మూడు ఫిడేళ్లు, ఎర్ర గొర్రెపిల్ల, రెండు సూర్యులు ఇప్పటికీ గుమ్మాల పైన కనిపిస్తాయి కాబట్టి తలెత్తి చూస్తూ నడవండి.

భోజనం తర్వాత మానెస్ వంతెన మీదుగా యూదుల పేట యోజెఫోవ్‌కు వెళ్లండి. శనివారం అక్కడి ప్రార్థనా మందిరాలు సందర్శకులకు మూసి ఉంటాయి. పాత శ్మశానంలో స్థలం చాలక సమాధుల మీదే మట్టి పోసి మళ్లీ సమాధులు కట్టారు. ఒకదానికొకటి ఒరిగిన ఆ రాళ్ల మధ్య తొందరపడకుండా నడవాలి.

సాయంత్రానికి పాత పట్టణ కూడలికి చేరుకోండి. 1410 నాటి ఖగోళ గడియారం గంట కొట్టే వేళకు పది నిమిషాల ముందే నిలబడితే క్రీస్తు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి. వెనుదిరిగే ముందు టౌన్‌హాల్ తూర్పు గోడ ఎదుట నేల మీద పరిచిన 27 తెల్లని శిలువలను తప్పక చూడండి. హాబ్స్‌బర్గ్ రాజవంశ పాలనపై తిరుగుబాటు చేసినందుకు 1621 జూన్ 21న మరణశిక్షకు గురైనవారి గుర్తులవి.