రద్దీ రైల్వే స్టేషన్‌లో దుకాణం ఎక్కడ పెట్టాలి, మనిషి ఎటు నడవాలి

స్టేషన్ కొత్తగా కడుతున్నారనగానే అందరూ బొమ్మలో అద్దాల పైకప్పు చూస్తారు. నేను మెట్ల కింద ఏముందో చూస్తాను. బ్రిడ్జి మెట్లు దిగిన మనిషికి మొదటి పది అడుగుల్లో ఏం ఎదురవుతుందో తెలిస్తే చాలు, ఆ స్టేషన్‌లో ఊపిరాడుతుందో లేదో చెప్పేయొచ్చు. ఇలాంటి జాగాలకు లేఅవుట్లు గీయడం నా పని. మీరు ఆర్కిటెక్చర్ చదువుతున్నా, స్టాల్‌కి టెండర్ వేస్తున్నా, ప్రయాణికుల సలహా కమిటీలో కూర్చున్నా పనికొచ్చేలా, సికింద్రాబాద్ స్టేషన్‌ని ముందు పెట్టుకుని చెబుతాను. అక్కడ 2023 ఏప్రిల్‌లో దాదాపు 720 కోట్ల పనికి శంకుస్థాపన జరిగింది. పది ప్లాట్‌ఫారాలు, ఒకటో నంబరు వైపు ఒక ద్వారం, పదో నంబరు వైపు, అంటే భోయిగూడ వైపు, ఇంకోటి.

గీయడం తర్వాత. ముందు వెళ్లి నిలబడండి. మామూలు మంగళవారం ఒకటి, సంక్రాంతి ముందు రోజు ఒకటి, రెండూ చూడాలి. బ్రిడ్జి మెట్ల దగ్గర నిమిషానికి ఎంతమంది ఎక్కుతున్నారు, ఎంతమంది దిగుతున్నారు, చేతిలో ఏముంది, పక్కన పిల్లలున్నారా, పెద్దవాళ్లున్నారా, అన్నీ రాసుకోండి. నేల కూడా చూడండి, ఎందుకంటే రాయి ఎక్కడ నున్నగా అరిగిపోయిందో అదే జనం నడిచే దారి, ప్లాన్‌లో దారి ఎక్కడ గీసి ఉన్నా సరే. పదిహేను నిమిషాల సగటు తీసి సరిపెట్టుకోవద్దు. రైలు వచ్చాక మొదటి మూడు నిమిషాల్లో ఏం జరుగుతుందో అదే మనకి కావాల్సిన లెక్క.

ఆ లెక్క ఎలా వేయాలో ఒకసారి వేసి చూపిస్తాను. లండన్ మెట్రో రైలు, అంటే అండర్‌గ్రౌండ్‌లో ప్లానింగ్‌కి వాడే కొలత ప్రకారం, రెండు వైపులా జనం నడిచే మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 28 మంది, చదునైన దారిలో 40 మంది హాయిగా పోగలరు. మన దగ్గర ట్రాలీ బ్యాగులు, బియ్యం మూటలు, చంకలో పిల్లలు కాబట్టి ఇంకా తక్కువే అనుకోండి, కానీ అదే పట్టుకుందాం. రైల్లోంచి 1200 మంది దిగారు, అందులో సగం మంది ఒకే బ్రిడ్జి వైపు వచ్చారు, మెట్లు 3 మీటర్ల వెడల్పు. నిమిషానికి 84 మంది, అంటే 600 మంది ఖాళీ కావడానికి ఏడు నిమిషాల పైన. ఇప్పుడు మెట్ల పక్కన ఒక స్టాల్ పెట్టి, దాని క్యూ ఒక మీటరు తినేసిందనుకోండి, అదే 600 మందికి దాదాపు పదకొండు నిమిషాలు పడుతుంది. ఈలోపు పక్క ప్లాట్‌ఫారం మీదకి ఇంకో రైలు వస్తుంది. ఒక్క మీటరే కదా అని ఎవరైనా అంటే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

నాకు ఇది లెక్కల్లో తెలిసింది కాదు. ఒక స్టేషన్‌లో మా అమ్మ, మోకాళ్ల నొప్పి మనిషి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది, నేను సామానుతో రెండడుగులు ముందున్నాను. చివరి మెట్టు దగ్గరే జ్యూస్ స్టాల్, దాని ముందు గ్లాసులు పట్టుకుని గుంపు. అమ్మ ఆగింది, వెనకవాళ్లు ఆగలేదు. చెప్పు ఊడిపోయి అలాగే మెట్టు మీద కూలబడిపోయింది. దెబ్బ పెద్దగా తగల్లేదు గానీ రైలు వెళ్లిపోయింది. స్టాల్‌లో ఉన్న కుర్రాడే బయటికి ఉరికొచ్చి చేయందించి నీళ్లిచ్చాడు. "ఈ జాగా వద్దనే చెప్పాను సార్, కానీ అందరికీ కనబడే చోటు ఇదేనని దీనికే అద్దె ఎక్కువ పెట్టారు" అన్నాడు. ఆ అబ్బాయిది తప్పు కాదు. ఎక్కువ మంది నడిచే చోటే ఎక్కువ అమ్ముడవుతుందని నమ్మి అద్దె కట్టించేవాళ్ల లెక్కలోనే తేడా ఉంది.

నిజానికి నడిచే మనిషి కొనడు, ఆగిన మనిషి కొంటాడు. అందుకే నేను జనాన్ని వాళ్ల చేతిలో ఉన్న టైమ్‌ని బట్టి విడదీస్తాను. రెండు నిమిషాల మనిషి, పావుగంట మనిషి, రెండు గంటల మనిషి. రెండు నిమిషాలవాళ్లకి కావాల్సింది నీళ్ల బాటిల్, టీ, బిస్కెట్ ప్యాకెట్, అంతే, వాళ్లకి ప్లాట్‌ఫారం మీద చిన్న స్టాల్ చాలు. విజయవాడలో పది, పదిహేను నిమిషాలు ఆగే రైళ్లు ఎన్నో కాబట్టి అక్కడ ఇడ్లీ పొట్లం బోగీకి దగ్గర్లో దొరకాలి. సికింద్రాబాద్‌లో చాలా రైళ్లు బయల్దేరేదీ ఆఖరయ్యేదీ అక్కడే, కుటుంబాలు గంట ముందే వచ్చి కూర్చుంటాయి, సాగనంపడానికి ఇంకో నలుగురు వస్తారు. వాళ్లు రెండు గంటల మనుషులు. భోజనం, మందులు, పిల్లల బొమ్మలు, ఫోన్ చార్జర్, ఇవన్నీ వాళ్లు కూర్చునే చోటికి తీసుకెళ్లాలి.

లండన్ వాటర్లూ స్టేషన్‌లో 2012లో హాలు పక్కన పొడవాటి బాల్కనీ కట్టి చాలా దుకాణాల్ని పైకి పంపేశారు, కింద జనానికి నడవడానికి జాగా దొరికింది. మన దగ్గరా పైకి పంపొచ్చు గానీ లిఫ్టు, ఎస్కలేటర్ రెండూ నమ్మకంగా నడవాలి, పైగా రెండు గంటలవాళ్లకి కావాల్సినవి మాత్రమే పంపాలి. నీళ్లు, మందులు, పాలు పైన పెడితే మోకాళ్ల నొప్పులవాళ్లు ఏం చేస్తారు? జపాన్‌లో ఓమియా స్టేషన్‌లో 2005లో టికెట్ గేటు దాటాక లోపలే దుకాణాల వరస తెరిచారు. అది నాకు బాగా నచ్చిన ఆలోచన, ఎందుకంటే గేటు దాటి, రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో తెలిసేదాకా మనిషికి టెన్షన్ పోదు, టెన్షన్ పోయేదాకా పర్సు తెరవడు. కాబట్టి ఫుడ్ కోర్టులో ఏ బల్ల దగ్గర కూర్చున్నా రైళ్ల బోర్డు కనబడేలా చూడండి. దుకాణాలవాళ్లు ఇందుకు అడ్డు చెప్పరు, బోర్డు కనబడితే జనం ఇంకో అరగంట కూర్చుంటారు.

ప్లాట్‌ఫారం మీద స్టాల్ పెట్టడానికి రైల్వే కొలతలున్నాయి. ట్రాక్ మధ్య గీత నుంచి స్తంభం లాంటి ఒంటి కట్టడానికి కనీసం 4.72 మీటర్లు, గది లాంటి కట్టడానికి 5.33 మీటర్లు వదలాలి. ప్లాట్‌ఫారం అంచు ఆ గీతకి 1.68 మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అంచుకీ స్టాల్‌కీ మధ్య మిగిలేది మూడున్నర మీటర్ల చిల్లర. చాలనిపిస్తుంది. కానీ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఒక అడుగు బయటికి జరుపుతారు, ముందు వాటర్ బాటిళ్ల కేసులు పేరుస్తారు, కొనేవాళ్లు రెండు వరసలు నిలబడతారు, ఇక రైలు దిగినవాళ్లకి మిగిలేది పసుపు గీత మీద నడక. అందుకని ఫ్రిజ్‌కీ కేసులకీ స్టాల్ లోపలే జాగా గీయండి, కౌంటర్‌ని ట్రాక్ వైపు కాకుండా ప్లాట్‌ఫారం పొడవునా చూసేలా తిప్పండి, క్యూ స్టాళ్ల మధ్య ఖాళీలోకి పోతుంది. మెట్లకీ ఎస్కలేటర్‌కీ లిఫ్టుకీ 12 మీటర్ల లోపు ఏదీ పెట్టకండి, అంటే సగం బోగీ పొడవు. ఇది ఎక్కడా రాసిన నిబంధన కాదు, నేను పాటించేది. ఇంకొకటి, జనరల్ బోగీలు తరచుగా రైలుకి రెండు చివర్లా ఉంటాయి, అందులోవాళ్లు సీటు పోతుందని దూరం వెళ్లరు. నీళ్ల కుళాయిలు, చౌక భోజనం ఆ చివర్లలో ఉండాలి. చాలా స్టేషన్లలో మంచి స్టాళ్లన్నీ ఏసీ బోగీలు ఆగే మధ్య భాగంలోనే ఉండటం చూస్తే బాధేస్తుంది.

2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్ తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. ఒక ప్రయాణికుడి తలమీది మూట మెట్ల మీద పడటంతో అది మొదలైందని రైల్వే మంత్రి పార్లమెంటులో చెప్పారు. ఆ తర్వాత 73 స్టేషన్ల బయట శాశ్వత హోల్డింగ్ ఏరియాలు, అంటే రైలు వచ్చేదాకా జనాన్ని బయటే ఆపి ఉంచే చోట్లు, కట్టాలని, ఇకపై బ్రిడ్జిలు 12 మీటర్లు, 6 మీటర్ల వెడల్పు నమూనాల్లో ఉండాలని నిర్ణయించారు. మీ ప్లాన్‌లో హోల్డింగ్ ఏరియా ఉంటే దాన్ని ఖాళీ షెడ్డుగా వదిలేయకండి. ఫ్యాన్లు, టాయిలెట్లు, టీ కౌంటర్, రైళ్ల బోర్డు అక్కడే ఉంటే జనం తొందరపడి లోపలికి తోసుకురారు.

కూర్చునే చోటు సంగతి. మనవాళ్లు బెంచీ మీద కూర్చుంటారు, రాత్రయితే దుప్పటి పరుచుకుని నేల మీద పడుకుంటారు. వాళ్లని లేపి తరిమే బదులు, దారికి పక్కగా నాలుగంగుళాలు ఎత్తున ఒక అరుగు కట్టండి, కడగడానికి వీలుగా, గోడకి చార్జింగ్ పాయింట్లతో. అరుగు ఉంటే దారిలో ఎవరూ పడుకోరు.

దుకాణాలు ఎవరికివ్వాలన్నది అన్నిటికంటే కష్టమైన పని. ఎక్కువ పాడినవాడికే అన్నీ ఇస్తే అద్దె రాబట్టుకోవడానికి అందరూ చిప్స్, కూల్‌డ్రింకులే అమ్ముతారు. కొన్ని జాగాలు ముందే పక్కన పెట్టి, మందుల షాపు, పసిపిల్లల పాలకి వేడినీళ్లు దొరికే కౌంటర్, టిఫిన్, స్థానిక చేతిపని, ఇవి కచ్చితంగా ఉండాలని టెండర్లోనే రాయించండి. 2022లో మొదలైన 'ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి' పథకం కింద విశాఖలో ఏటికొప్పాక బొమ్మలు, తిరుపతిలో కలంకారీ అమ్మారు. మూల చీకట్లో పెడితే అవి అమ్ముడుపోవు, వెయిటింగ్ హాల్ ద్వారం దగ్గర పెట్టండి. పని జరిగే ఏళ్లలో పాత స్టాళ్లవాళ్లకి తాత్కాలిక జాగా ఎక్కడో కూడా మొదటి డ్రాయింగులోనే గీయాలి.

అంతా గీశాక, కట్టకముందు, నేల మీద రంగు టేపుతో స్టాళ్ల కొలతలన్నీ అతికించండి, వాటి మీద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి పండగ ముందు వారమంతా వదిలేయండి. జనం ఏ పెట్టెని తన్నుకుంటూ పోతున్నారో చూడండి. సాయంత్రం ఊడ్చేవాళ్లనీ కూలీలనీ పిలిచి, ఎక్కడ బండి తిరగట్లేదో అడగండి. వాళ్లు చూపించిన చోట టేపు పీకి మళ్లీ అతికించండి.