ట్రయల్స్ సైకిల్ వెనక చక్రం: చైన్ టెన్షన్ ఇలా సరిచేసుకోండి

కాలు కింద పెట్టకుండా రాళ్లూ గోడలూ ఎక్కించే ట్రయల్స్ సైకిల్‌కి చైన్ ఎంత బిగిగా ఉండాలి? ముందూ వెనకా ఉన్న పళ్ల చక్రాలకి మధ్యలో చైన్ మీద వేలు పెట్టి పైకీ కిందకీ ఆడిస్తే మొత్తం ఒక సెంటీమీటర్ దాకా ఆడాలి, అదీ చైన్ అన్నిటికన్నా ఎక్కువ బిగుసుకునే చోట చూసినప్పుడు. ఎంత టైటుగా ఉంటే అంత మంచిదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ అది తప్పు. మరీ లాగిపెట్టిన చైన్ వల్ల ఫ్రీవీల్ (ముందుకి తొక్కితే పట్టుకుని, వెనక్కి తిప్పితే ఊరికే తిరిగే పళ్ల చక్రం), బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు), వెనక హబ్ (చక్రం నడిబొడ్డు) బేరింగులు అన్నీ తొందరగా పోతాయి, పెడల్ బరువెక్కుతుంది. వదులు చైన్ అయితే ఇంకా ప్రమాదం. వెనక చక్రం మీద నిలబడి పెడల్ కిక్ ఇచ్చే, అంటే ఎగరడానికి పెడల్‌ని ఒక్కసారిగా తొక్కే క్షణంలో ఒంటి బరువంతా చైన్ మీదే పడుతుంది, అప్పుడు ఒక్క పన్ను జారిందంటే కాలు ఒక్కసారిగా కిందకి పోయి మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, సీటు కూడా లేని బండి కాబట్టి ఆపుకోవడానికి ఏ ఆసరా ఉండదు.

ఇక్కడ నేను చెబుతున్నది పోటీల్లో వాడే 20 అంగుళాల సైకిల్ గురించి. ముందు క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి) మీద 18 పళ్ల ఫ్రీవీల్, వెనక హబ్ మీద 12 పళ్ల స్ప్రాకెట్ (పళ్ల చక్రం), గేర్లు లేవు, వెనక యాక్సిల్ (ఇరుసు) ముందుకీ వెనక్కీ జరిగే అడ్డం స్లాట్లు. మామూలు సైకిల్‌కి ఫ్రీవీల్ వెనక ఉంటుంది, దీనికి ముందుంది, అందువల్ల చక్రం తిరిగినంతసేపూ చైన్ తిరుగుతూనే ఉంటుంది. చక్రం తిరుగుతుండగా చైన్ దగ్గర వేళ్లు పెట్టకండి, స్ప్రాకెట్‌కీ చైన్‌కీ మధ్య వేలు పడితే నలిగిపోతుంది. తిప్పండి, పూర్తిగా ఆపండి, అప్పుడే ముట్టుకోండి.

ముందు ఆ బిగుసుకునే చోటు ఎక్కడుందో పట్టుకోవాలి. ఫ్రీవీల్ గానీ స్ప్రాకెట్ గానీ నూటికి నూరుపాళ్లు గుండ్రంగా ఉండవు, కాబట్టి తిప్పుతుంటే చైన్ ఒకచోట వదులవుతుంది, ఇంకోచోట బిగుసుకుంటుంది. పెడల్ వెనక్కి తిప్పి చూద్దామంటే కుదరదు, ఫ్రీవీల్ టకటకమంటుందే తప్ప చైన్ కదలదు. సైకిల్‌ని స్టాండుకి తగిలించి, లేదా ఎవరినైనా వెనకభాగం ఎత్తి పట్టుకోమని, చక్రాన్ని ముందుకి కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఆపిన ప్రతిసారీ చైన్ ఆడించి చూడండి. 18, 12 పళ్ల లెక్కలో చక్రం మూడు చుట్లు తిరిగితే ఫ్రీవీల్ సరిగ్గా రెండు చుట్లు తిరిగి రెండూ మొదటి చోటికే వస్తాయి, అంటే మూడు చుట్లు ఓపిగ్గా చూస్తే చాలు. బాగా బిగుసుకున్న చోట చక్రాన్ని అలాగే ఉంచి, అక్కడే సర్దుబాటు చేయాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే సగం చుట్టు తిరిగేసరికి చైన్ తీగలా బిగుసుకుపోతుంది.

ఇక స్నెయిల్ క్యామ్‌లు. యాక్సిల్‌కి రెండు వైపులా ఉండే చుట్టు తిరిగిన బిళ్లలు ఇవి, తిప్పేకొద్దీ వాటి అంచు ఫ్రేమ్ మీదున్న పిన్నుని నెట్టి యాక్సిల్‌ని వెనక్కి పంపుతుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది: చైన్ లాగుడుని ఆపాల్సింది క్యామే, యాక్సిల్‌ని ఫ్రేమ్‌కి పట్టే బోల్టు కాదు. క్యామ్ పిన్నుకి ఆనకుండా బోల్టు పట్టు మీదే చక్రాన్ని నిలబెడితే నాలుగు గట్టి కిక్కులకి కుడివైపు యాక్సిల్ ముందుకి జారుతుంది, చక్రం వంకరపోతుంది, టైరు ఎడమవైపు చైన్‌స్టేకి (చక్రానికి రెండు పక్కలా కింద ఉండే ఫ్రేమ్ గొట్టం) రాసుకుంటుంది.

రెండు బోల్టులూ అలెన్ కీతో ఒకటీ ఒకటిన్నర చుట్లు మాత్రమే వదులు చేయండి. చక్రాన్ని చేత్తో వెనక్కి లాగి పట్టుకుని, రెండు క్యామ్‌లనీ పిన్నుకి ఆనేదాకా తిప్పండి. మెట్లున్న క్యామ్ అయితే రెండు వైపులా ఒకే మెట్టు దగ్గర మొదలుపెట్టండి, కానీ చివరికి నమ్మాల్సింది మెట్ల లెక్కని కాదు, రిమ్ రెండు చైన్‌స్టేల మధ్య సరిగ్గా నడుమ ఉందా అన్నదాన్ని. ముందు చైన్ వైపు బోల్టు కాస్త బిగించి, రిమ్ నడుమకి తెచ్చి, రెండోవైపు బిగించి, ఆ తర్వాత రెండూ గట్టిగా బిగించండి. బోల్టు తిరిగేటప్పుడు దాంతోపాటు క్యామ్ కూడా తిరగాలని చూస్తుంది, ఒక వైపున అది పిన్ను నుంచి దూరంగా పోతుంది. అందుకని బిగించినంతసేపూ క్యామ్‌ని రెండో చేత్తో పిన్నుకి అదిమి పట్టుకోవాలి. అయ్యాక మూడు చుట్లు మళ్లీ చూడండి, బోల్టు బిగించేసరికి టెన్షన్ కొంచెం మారడం మామూలే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, బ్రేక్ సంగతి మర్చిపోతారు. రిమ్ బ్రేక్ సీట్‌స్టేల (చక్రానికి రెండు పక్కలా పైన ఉండే ఫ్రేమ్ గొట్టాలు) మీద ఉంటుంది, చక్రం వెనక్కి జరిగితే ప్యాడ్ రిమ్ మీద టైరు వైపుకి జరిగినట్టవుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లు చాలు, ప్యాడ్ పై అంచు టైరు పక్కభాగాన్ని కోసేయడానికి. లివర్ నొక్కి పట్టుకుని దగ్గర్నుంచి చూడండి, ప్యాడ్ మొత్తం, పట్టు కోసం గ్రైండ్ చేసి గరుకు చేసిన రిమ్ మీదే కూర్చోవాలి. డిస్క్ బ్రేక్ అయితే క్యాలిపర్ (డిస్కుని నొక్కే భాగం) బోల్టులు వదులు చేసి మళ్లీ కుదర్చండి. ఆ తర్వాత వెనక బ్రేక్ గట్టిగా పట్టి, పెడల్ మీద నిలబడి రెండు మూడుసార్లు బరువు దించి, క్యామ్‌లు పిన్నుని వదల్లేదని చూసుకున్నాకే గోడలూ రాళ్లూ ఎక్కండి.

ఊరికే వదులైపోతుంటే చైన్ అరిగిందేమో కొలవండి. కొత్త చైన్‌లో ఒక చైన్ పిన్ను నుంచి దాని తర్వాత వచ్చే 24వ పిన్ను దాకా దూరం సరిగ్గా 12 అంగుళాలు. అది 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు పెరిగితే ట్రయల్స్‌కి ఇక ఆ చైన్ వద్దు, మార్చేయండి. చైన్ బాగానే ఉండి యాక్సిల్ స్లాట్ చివరికి వస్తే ఒక జత లింకులు తీసేయొచ్చు, దాంతో యాక్సిల్ 12.7 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, అయితే టైరు ఫ్రేమ్‌కి తగలకుండా అంత చోటు ఉందో లేదో లింకు తీయకముందే కొలుచుకోండి.