ల్యాప్‌టాప్ మరమ్మతు - 4వ పాఠం: పనిభారం పడితే బిగుసుకుపోతుంటే

పోయిన పాఠంలో ఫ్యాను దుమ్ము దులిపాం. అయినా వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టిన కాసేపటికే తెర బిగుసుకుపోతోందా? చాలామంది వేడినే తప్పుపడతారు. నాకు ఆ తొందర నచ్చదు. ప్రాసెసర్ వేడెక్కితే ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ చిప్పుల్లో ఆ హద్దు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది కూడా దాటిపోతే ల్యాప్‌టాప్ ఠక్కున ఆరిపోతుంది. అంటే వేడి వల్ల సాధారణంగా కనిపించేవి నత్తనడక, ఆరిపోవడం. మౌసు కదలక, పాట ఒక్క ముక్క దగ్గరే అరుస్తూ ఉండిపోతే మిగతావాటినీ అనుమానించాలి.

ఈసారి బిగుసుకున్నప్పుడు పవర్ బటన్ జోలికి వెళ్లకుండా క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని దీపం వెలిగి ఆరుతుంటే సిస్టమ్ ఇంకా బతికే ఉందని అర్థం. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ మొదలవుతుంది. తెర కదిలిందంటే వెతకాల్సింది గ్రాఫిక్స్ వైపే. కదలకపోయినా కాసేపు ఆగి చూడండి, ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టుకునే తాత్కాలిక మెమరీ) నిండిపోయి డిస్కు సతమతమవుతూ ఉండవచ్చు.

దీపం ఉలకకపోతే బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ తెరిచాక ఒక్కో భాగం మీద విడివిడిగా పనిభారం వేసి చూడాలి. పనులన్నీ సేవ్ చేసుకుని, ల్యాప్‌టాప్‌ను గట్టి బల్ల మీద పెట్టండి (పరుపు మీద వద్దు). హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాములో ఉష్ణోగ్రత చూస్తూ, ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రాములో ‘స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ’ నడపండి. ఇది ర్యామ్‌ను పెద్దగా తాకకుండా ప్రాసెసర్‌నే పిండుతుంది. ఇక్కడే బిగుసుకుంటే ప్రాసెసర్, దానికి అందే విద్యుత్తు, వేడి మిగులుతాయి. ఇది దాటి, ర్యామ్‌నూ కలిపి పరీక్షించే ‘బ్లెండ్’లో బిగుసుకుంటే ర్యామ్ మీద అనుమానం బలపడుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86+ అనే ర్యామ్ పరీక్షను రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపినా చాలు, ఆ ర్యామ్‌ను నమ్మలేం. రెండు ర్యామ్ స్టిక్కులుంటే ఒక్కోటీ తీసి మళ్లీ పరీక్షించండి. బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే సర్వీసు సెంటరే గతి.

విండోస్ తన ఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నెల్-పవర్ 41’ కనిపిస్తే కంగారు వద్దు. సిస్టమ్ సరిగ్గా మూతపడలేదని మాత్రమే అది చెబుతుంది. బిగుసుకున్నాక మీరు బటన్ నొక్కిపట్టి ఆపినా అదే నమోదవుతుంది.

అభ్యాసం: ఏ పరీక్షలో, ఎన్ని నిమిషాలకు, ఎన్ని డిగ్రీల దగ్గర ఆగిందో కాగితం మీద రాసి ఉంచండి. 5వ పాఠంలో థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే పూత) మార్చాలా వద్దా అన్నది ఆ అంకెలను బట్టే తేలుస్తాం.