అమెరికాలో చదువుకి వస్తున్నారా? ప్రాసెసర్లు మారుతున్న ఈ కాలంలో ల్యాప్‌టాప్ సంగతి

ఆగస్టులో అమెరికా వచ్చే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా జూన్ నుంచే ఒక ప్రశ్న తిరుగుతుంది. ల్యాప్‌టాప్ ఇండియాలోనే కొనుక్కుని రావాలా, వచ్చాక కొనాలా అని. ఈ మధ్య దానికి ఇంకొకటి తోడైంది: "ప్రాసెసర్లు మారిపోతున్నాయట కదా, ఇంకో ఏడాది ఆగితే మంచిదా?" రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అది తేలితే మొదటిది సగం తేలినట్టే.

ఆగకండి. క్లాసులు మొదలైన కొద్ది రోజులకే అసైన్‌మెంట్లు మీద పడతాయి, వాటితోపాటే క్యాంపస్ ఉద్యోగాలకి అప్లికేషన్లు. సొంత మెషీన్ లేకుండా లైబ్రరీ కంప్యూటర్లతో ఒక సెమిస్టర్ నెట్టుకురావడం చాలా కష్టం. కాకపోతే ఏ రకం ప్రాసెసర్ ఉన్నది కొంటున్నారో తెలుసుకుని కొనండి. ఇలాంటి సమయంలో ధర ఒక్కటే చూసి కొంటే ఇబ్బంది పడతారు.

జరుగుతున్నది ఇదీ. ఏళ్ల తరబడి ల్యాప్‌టాప్‌లన్నీ దాదాపుగా ఇంటెల్, ఏఎండీ తయారుచేసే ఎక్స్86 రకం ప్రాసెసర్లతోనే వచ్చాయి. ఫోన్లలో వాడేది ఆర్మ్ రకం. ఆపిల్ 2020 నవంబర్‌లో ఎం1 చిప్‌తో మొదలుపెట్టి, 2023 జూన్‌కల్లా తన కంప్యూటర్లన్నిటినీ ఆర్మ్‌కి మార్చేసింది. విండోస్‌లో 2024 జూన్ నుంచి క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లు షాపుల్లోకి వచ్చాయి, ఇవీ ఆర్మ్ రకమే. ఒక రకం ప్రాసెసర్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్ ఇంకో రకం మీద నేరుగా నడవదు. మధ్యలో దుభాషిలా పనిచేసే ప్రోగ్రామ్ కావాలి. ఆపిల్‌లో దాని పేరు రోజెటా 2, విండోస్‌లో ప్రిజమ్. మామూలు అప్లికేషన్లకి ఇవి బాగానే పనికొస్తాయి. ప్రింటర్ల లాంటి పరికరాలని నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్‌ల దగ్గర మాత్రం చేతులెత్తేస్తాయి.

మ్యాక్‌కీ విండోస్‌కీ ఇక్కడే ఒక పెద్ద తేడా ఉంది. ఆపిల్ పాత ఇంటెల్ దారి పూర్తిగా మూసేస్తోంది. విండోస్‌లో రెండు రకాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి, ఇంటెల్, ఏఎండీ ఎక్కడికీ పోలేదు. అందుకే మ్యాక్ కొనేవాళ్లు పాతదాని విషయంలో జాగ్రత్త పడాలి, విండోస్ కొనేవాళ్లు కొత్తదాని విషయంలో.

మ్యాక్‌తో మొదలుపెడదాం, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మే నెలలో, డిసెంబర్‌లో డిగ్రీ పూర్తిచేసి వెళ్లిపోయే సీనియర్లు సామాన్లు అమ్ముతారు. వాటిలో 2019, 2020 నాటి ఇంటెల్ మ్యాక్‌బుక్‌లు కూడా ఉంటాయి. చూడ్డానికి మెరిసిపోతుంటాయి, ధర చూస్తే చేయి ఊరుకోదు. కానీ మ్యాక్‌లని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్‌ఓఎస్‌లో, 2025లో వచ్చిన టాహో వెర్షనే ఇంటెల్ మ్యాక్‌లకి చివరిదని ఆపిల్ ప్రకటించింది. అది కూడా నాలుగే నాలుగు ఇంటెల్ మోడళ్లకి వస్తుంది. 2020లో అమ్మిన ఇంటెల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఆ అవకాశం కూడా లేదు. ఇలా జరగడం కొత్తేమీ కాదు. 2005లో ఆపిల్ అప్పటిదాకా వాడిన పవర్‌పీసీ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్‌కి మారుతున్నామని చెప్పింది. 2009లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ స్నో లెపర్డ్ అప్పటికే పవర్‌పీసీ మెషీన్లని వదిలేసింది. 2005 చివర్లో కొన్నవాళ్లకి నాలుగేళ్లు కూడా నిండలేదు.

ఇప్పుడు మీ లెక్క చూసుకోండి. ఎంఎస్ రెండేళ్లు, తర్వాత ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు అయితే ఇంకో రెండేళ్ల పొడిగింపు. మొత్తం ఐదేళ్లు. ఉద్యోగం వచ్చాక కంపెనీలు చాలావరకు పనికి వాళ్ల ల్యాప్‌టాప్ ఇస్తాయి కాబట్టి మీది ఐదేళ్లూ కొత్తదానిలా పరుగెత్తాల్సిన పని లేదు. అయినా కొన్న రోజునే దారి మూసుకుపోయిన మెషీన్‌కి నాలుగు వందల డాలర్లు పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు, మనవాళ్లలో చాలామందికి అది లోన్ డబ్బు. సెకండ్‌హ్యాండ్ కావాలంటే ఎం1 లేదా ఆ తర్వాతది చూడండి. డబ్బు ఇచ్చేముందు ఎడమ మూలలోని ఆపిల్ గుర్తు నొక్కి "అబౌట్ దిస్ మ్యాక్" తెరవండి. "చిప్" అని ఉండి పక్కన ఎం1, ఎం2 లాంటి పేరుంటే సరే. "ప్రాసెసర్" అని ఉండి ఇంటెల్ పేరు కనిపిస్తే వదిలేయండి. అమ్మేవాళ్ల ఐక్లౌడ్ అకౌంట్ మీ కళ్లముందే తీసేయించండి, లేకపోతే మెషీన్ లాక్ అయిపోయి మీకు పనికిరాదు. మెమరీ తర్వాత పెంచుకోలేరు, అందుకని 16 జీబీ ఉన్నదానికే మొగ్గు చూపండి.

విండోస్‌లో స్నాప్‌డ్రాగన్ మెషీన్లు నిజంగా బాగుంటాయి. ఛార్జింగ్ చాలాసేపు నిలుస్తుంది, వేడెక్కవు. ఆఫీస్, క్రోమ్, జూమ్ అన్నీ నేరుగా నడుస్తాయి. చిక్కంతా కోర్సు సాఫ్ట్‌వేర్‌తో, ల్యాబ్ పరికరాల డ్రైవర్లతో, ఆన్‌లైన్ పరీక్షలకి వాడించే లాక్‌డౌన్ బ్రౌజర్ల లాంటి వాటితో. షాపులో బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్‌కి వెళ్తే "సిస్టమ్ టైప్" దగ్గర ఎక్స్64 (అంటే ఇంటెల్, ఏఎండీ రకం) అనో ఆర్మ్ అనో స్పష్టంగా రాసి ఉంటుంది.

బ్రాంచిని బట్టి నా సలహా ఇది. మెకానికల్, సివిల్ వాళ్లు ఇంటెల్ లేదా ఏఎండీ విండోస్ ల్యాప్‌టాప్ తీసుకోండి, వేరే ఆలోచన వద్దు. సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు మ్యాక్ కోసం తయారుచేయలేదు. ఈసీఈలో ఎఫ్‌పీజీఏ (మనమే లోపలి సర్క్యూట్ మార్చుకోగల చిప్) కోర్సు ఉంటే, దాని కోసం వాడే వివాడో సాఫ్ట్‌వేర్ కావాలి, దానికీ మ్యాక్ వెర్షన్ లేదు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఏదైనా సరిపోతుంది. డీప్ లెర్నింగ్ ప్రోగ్రామ్‌లు సొంత మెషీన్‌లోనే నడవాలంటే మాత్రం ఎన్విడియా గ్రాఫిక్స్ ఉన్నది కావాలి. చాలా యూనివర్సిటీల్లో ఇలాంటి పనులకి శక్తివంతమైన కంప్యూటర్ల క్లస్టర్లు ఉంటాయి, అందుకోసం ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్ కొని రోజూ మోయక్కర్లేదు. బిజినెస్ అనలిటిక్స్ వాళ్లు, డేటాని చార్టులుగా చూపించే పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌కే ఉందని గుర్తుంచుకోండి.

కొనేముందు డిపార్ట్‌మెంట్‌కి ఒక మెయిల్ పెట్టండి: మొదటి ఏడాది కోర్సుల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు, దాన్ని యూనివర్సిటీ రిమోట్ ల్యాబ్ నుంచి వాడుకోవచ్చా అని. అడగడానికి మొహమాటపడకండి, ఇక్కడ అలా అడగడం మామూలే. వేరే డిపార్ట్‌మెంట్‌లో చదివిన అన్నయ్య ఇచ్చిన సలహా ఎంత మంచి మనసుతో ఇచ్చినా మీ కోర్సుకి పనికిరాకపోవచ్చు.

ఇక ఎక్కడ కొనాలి? ఎడ్యుకేషన్ లోన్‌లో కంప్యూటర్ ఖర్చు కూడా కలిసి ఉంటే, బ్యాంకు ఇండియా బిల్లు అడుగుతుంటే అక్కడే కొనండి. అప్పుడు వారంటీ అమెరికాలో చెల్లుతుందో లేదో రాతలో చూసుకోండి. ఇక్కడ కొనేటట్టయితే బోర్డు మీది ధరకి సేల్స్ ట్యాక్స్ కలుస్తుందని మరవకండి. డల్లాస్‌లో అది 8.25 శాతం, అంటే వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్‌కి ఇంకో 82.50. ఒరెగాన్, డెలావేర్, న్యూహాంప్‌షైర్, మోంటానాలో ఆ ట్యాక్స్ లేదు. యూనివర్సిటీ మెయిల్ ఐడీ వచ్చాక స్టూడెంట్ ధర దొరుకుతుంది.

కొన్నాక బాక్సు, బిల్లు పారేయకండి. ఆపిల్ స్టోర్‌లో తిరిగి ఇవ్వడానికి 14 రోజులే గడువు, మిగతా షాపుల్లో ఎంతో బిల్లు చేసేటప్పుడే అడగండి. ఆ రోజుల్లోనే కోర్సు సాఫ్ట్‌వేర్, యూనివర్సిటీ వీపీఎన్, పరీక్షల బ్రౌజర్ అన్నీ ఎక్కించి నడిపించి చూడండి. ఏదైనా నడవకపోతే ప్రొఫెసర్ని బతిమాలుకుంటూ సెమిస్టర్ గడిపే బదులు మార్చేసుకోవచ్చు.

ఇప్పటికే ఇంట్లోవాళ్లు ఇంటెల్, ఏఎండీ విండోస్ ల్యాప్‌టాప్ కొనిచ్చేసి ఉంటే టెన్షన్ పడకండి, నిశ్చింతగా తెచ్చుకోండి. ఛార్జర్ మీద 100–240 వోల్టులని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, ప్లగ్ అడాప్టర్ ఒక్కటి చాలు.