మలుపుని వెనక నుంచి చదవాలి: రేసింగ్ సిమ్‌లలో బ్రేకింగ్ పాయింట్లు, లైన్లు నేర్చుకునే పద్ధతి

రేసింగ్ సిమ్‌లో, అంటే నిజమైన కారు నడపడాన్ని అనుకరించే గేములో, కొత్త ట్రాక్ మీదికి వెళ్లగానే చాలామంది మొదట వెతికేది బ్రేక్ బోర్డు, మలుపు ఇంకా ఎన్ని మీటర్లుందో చెప్పే పలక. "మొదటి మలుపుకి వంద దగ్గర నొక్కు" అని ఎవరో చెప్పింది పట్టుకుని యాభై ల్యాపులు తిరుగుతారు, అయినా టైము కదలదు. బ్రేక్ ఎక్కడ నొక్కాలన్నది మలుపులో చివరికి తేలాల్సిన లెక్క. బయటికి (ఎగ్జిట్‌లో) ఏ దారిలో, ఏ వేగంతో రావాలో ముందు తేలాలి. దాన్నిబట్టి ఏపెక్స్, అంటే కారు లోపలి అంచుకి అన్నిటికంటే దగ్గరయ్యే చోటు, ఏపెక్స్‌ని బట్టి స్టీరింగ్ తిప్పే చోటు, దాన్నిబట్టి బ్రేక్. ఈ వరస తలకిందులైతే ఎంత సాధన చేసినా తప్పుడు లైనే అలవాటవుతుంది.

ముందు సర్దుకోవాల్సినవి

ఫీల్డ్ ఆఫ్ వ్యూ (స్క్రీన్ మీద ఎంత వెడల్పు దృశ్యం కనిపించాలో చెప్పే కోణం) సరిగ్గా లేకపోతే దూరాలు కంటికి తప్పుగా అందుతాయి. మరీ వెడల్పుగా పెడితే మలుపు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది, చివరి క్షణంలో ఒక్కసారిగా మీద పడుతుంది. స్క్రీన్ వెడల్పు, దానికీ మీ కళ్లకీ మధ్య దూరం కొలిచి లెక్క వేసుకోండి. 60 సెంటీమీటర్ల వెడల్పున్న 27 అంగుళాల మానిటర్‌ని 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అడ్డంగా 53 డిగ్రీలు, నిలువుగా సుమారు 31 డిగ్రీలు వస్తుంది. సిమ్‌లలో ఐరేసింగ్ అడ్డం కోణం అడుగుతుంది, అస్సెట్టో కోర్సా నిలువు కోణం అడుగుతుంది. ఈ రెండూ కలగాపులగం చేసి 53ని నిలువు కోణంగా పెట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. మొదట్లో బొమ్మ ఇరుకుగా అనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. ఆ తర్వాత దాన్ని మార్చకండి, ఎందుకంటే మారిస్తే నేర్చుకున్న గుర్తులన్నీ కదిలిపోతాయి.

బ్రేక్ పెడల్ క్యాలిబ్రేట్ చేసేటప్పుడు నూరు శాతం అన్నది గట్టిగా నొక్కితేనే అందాలి, కానీ అరగంట ఆడాక కాలు నొప్పి పుట్టేంత గట్టిగా ఉండకూడదు. లోడ్ సెల్ (నొక్కిన బలాన్ని కొలిచే సెన్సర్) ఉంటే మేలు, ఎందుకంటే కాలు ఎంత దూరం కదిలిందన్నది కాకుండా ఎంత బలంగా నొక్కిందన్నది శరీరానికి బాగా గుర్తుంటుంది. కంట్రోలర్ ట్రిగ్గర్‌తో ఆడినా కింద చెప్పేవన్నీ వర్తిస్తాయి, వదిలేటప్పుడు వేలు మరింత నెమ్మదిగా లేపాలి, అంతే.

సాధనకి పవర్ తక్కువున్న కారు తీసుకోండి. ఎండ, సమయం, 20 లీటర్ల ఇంధనం, టైర్లు అన్నీ ఒకేలా ఉంచి ఒంటరిగా తిరగండి. రోడ్డు మీద రంగు గీత చూపించే అసిస్ట్ ట్రాక్ ఆకారం తలకెక్కేదాకా, అంటే ఐదారు ల్యాపులు ఉంచుకోవచ్చు. తర్వాత తీసేయాలి. అది జాగ్రత్తపడే లెక్కతో గీసిన దారి. పైగా కళ్లని బానెట్ ముందున్న తారుకి కట్టేస్తుంది, చూడాల్సినదేమో ఏపెక్స్, ఆ పైన ఎగ్జిట్.

లైను ఎంత తేడా తెస్తుంది

రోడ్డు వెడల్పు 10 మీటర్లు, మలుపు 90 డిగ్రీలు, లోపలి అంచు వ్యాసార్ధం 20 మీటర్లు అనుకోండి. రోడ్డు మధ్యలోంచే తిరిగితే కారు వ్యాసార్ధం 25 మీటర్లు. బయటి అంచు నుంచి మొదలై, లోపలి అంచుని తాకి, మళ్లీ బయటి అంచుకి వెళితే అదే మలుపులో వ్యాసార్ధం సుమారు 54 మీటర్లు అవుతుంది. టైర్లు సెకనుకి సెకనుకి 12 మీటర్ల పక్క త్వరణం ఇవ్వగలిగితే మొదటి దారిలో గరిష్ఠ వేగం గంటకి 62 కిలోమీటర్లు, రెండో దారిలో 92. కారు అదే, టైర్లు అవే. లోపలికీ బయటికీ ఒక్కో మీటరు వదిలేసినా ఈ లాభంలో కొంత పోతుంది. అందుకే లోపలి టైరు కెర్బ్‌ని (రోడ్డు అంచున ఉండే రంగు గట్టుని) నిజంగా తాకిందా లేదా అన్నది రీప్లేలో బయటి కెమెరాతో చూడాలి. కాక్‌పిట్‌లోంచి తాకినట్టే ఉంటుంది, తీరా చూస్తే అర మీటరు దూరంలో ఉంటుంది.

ఆ సమమైన వంపు లెక్క కాగితం మీద బాగుంటుంది. మలుపు తర్వాత పొడవైన స్ట్రెయిట్ ఉంటే దాన్ని కొంచెం మార్చాలి. స్టీరింగ్ కాస్త ఆలస్యంగా, కాస్త ఎక్కువగా తిప్పి, ఏపెక్స్ వంపు మధ్య దాటాక వచ్చేలా జరపాలి. అప్పుడు ఏపెక్స్ దగ్గరికి వచ్చేసరికే కారు ముక్కు స్ట్రెయిట్ వైపు చూస్తుంటుంది, థ్రాటిల్ (యాక్సిలరేటర్) ముందే తెరవొచ్చు. స్పా ట్రాక్‌లో లా సోర్స్ హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిప్పేసే బిగుతు మలుపు) దీనికి మంచి పాఠం. అక్కడ బయటపడిన వేగం ఓ రూజ్, రెడియోన్ మలుపుల మీదుగా కెమెల్ స్ట్రెయిట్ చివర లే కోంబ్ మలుపు దాకా మీతోనే వస్తుంది. బ్రేకింగ్‌లో మిగుల్చుకున్న రెండు మీటర్లు అంత దూరం రావు.

అలాగని ప్రతి మలుపుకీ ఆలస్యపు ఏపెక్స్ పనికిరాదు. మోంజా ట్రాక్‌లో పరబోలికా పోనుపోను విప్పారే మలుపు, వ్యాసార్ధం పెరుగుతూ పోతుంది కాబట్టి అక్కడ ఏపెక్స్ ముందుగానే వస్తుంది. సుజుకా ట్రాక్ మొదటి భాగంలోని ఎస్ వంపుల్లో ఒక మలుపు ఎగ్జిట్టే తర్వాతి మలుపు ఎంట్రీ. అక్కడ ముందున్న మలుపులో కారుని బయటికి పూర్తిగా జారనివ్వకుండా కొంత త్యాగం చేయాలి, లేకపోతే మూడో వంపుకి వచ్చేసరికి రోడ్డు చాలదు. వరసగా మలుపులుంటే అన్నిటికంటే చివరిదాన్నే ముందు కుదుర్చుకుని, అక్కడి నుంచి వెనక్కి రండి.

ఏపెక్స్ సరిగ్గా పడిందో లేదో ఎగ్జిట్ చెబుతుంది. ఏపెక్స్ దాటాక స్టీరింగ్ ఇంకా తిప్పాల్సి వచ్చినా, థ్రాటిల్ తెరిచి మళ్లీ తగ్గించాల్సి వచ్చినా మీరు లోపలికి తొందరగా దిగారు. బయటి కెర్బ్‌కీ కారుకీ మధ్య ఒక కారు పట్టేంత రోడ్డు మిగిలిపోతే ఏపెక్స్ మరీ ఆలస్యమైనా అయ్యుండాలి, వేగం తక్కువైనా అయ్యుండాలి. ఎగ్జిట్ కెర్బ్ దగ్గరికి స్టీరింగ్ విప్పుతూ, థ్రాటిల్ పూర్తిగా తొక్కి చేరుకున్నారంటే లైను కుదిరినట్టే.

బ్రేకింగ్ పాయింట్ కట్టుకోవడం

ఇప్పుడు గుర్తు వెతకండి. 200, 150, 100, 50 బోర్డులు ఉంటే మంచిదే, కానీ వాటి మీదే ఆధారపడకండి. కొన్ని గేముల్లో మొదటి ల్యాపు గొడవలోనే అవి పడిపోతాయి, ముందు కారు వెనక అతుక్కుని వెళ్తున్నప్పుడు కనిపించవు కూడా. కెర్బ్ మొదలయ్యే చోటు, తారు రంగు మారే గీత, గార్డ్ రెయిల్‌లో ఖాళీ, మార్షల్ పోస్టు (జెండాలు ఊపే సిబ్బంది నిలబడే చోటు) లాంటివి రెండోది పెట్టుకోండి. నీడలు వద్దు, గేములో పొద్దు తిరిగితే అవీ తిరుగుతాయి.

మొదటి గుర్తు కావాలని ముందుగా పెట్టుకోండి. ఏపెక్స్‌కి తీరిగ్గా చేరగలిగేంత ముందు. అదే చోట నొక్కి వరసగా మూడు ల్యాపులు ఏపెక్స్, ఎగ్జిట్ రెండూ కుదిరితే గుర్తుని 10 మీటర్లు మలుపు వైపుకి జరపండి. మళ్లీ మూడు. రెండు సార్లు ఏపెక్స్ తప్పినా, థ్రాటిల్ తెరవడం ఆలస్యమైనా 5 మీటర్లు వెనక్కి రండి. అదే ఆ రోజుకి మీ పాయింట్. గంటకి 216 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 60 మీటర్లు పోతుంది, 10 మీటర్లంటే సెకనులో ఆరో వంతు. అంతకంటే సన్నగా కొలిచే ముందు అదే చోట నొక్కడం కాలికి రావాలి.

గుర్తు వేగానికి కట్టుబడి ఉంటుందని మరవకండి. సెకనుకి సెకనుకి 12 మీటర్ల చొప్పున వేగం తగ్గే కారుని 216 నుంచి 72 కిలోమీటర్లకి తేవడానికి 133 మీటర్లు చాలు. అదే 252 నుంచి అయితే 187 మీటర్లు దాటుతుంది. వేగం పెరిగింది 17 శాతమే, దూరం పెరిగింది 40 శాతం పైగా. వెనకటి మలుపు ఎగ్జిట్ బాగుపడిన రోజున పాత గుర్తు దగ్గర నొక్కి గ్రావెల్‌లోకి పోవడం ఇందుకే. బ్రేకింగ్ పాడైందని అనుకుంటారు, నిజానికి వెనకటి మలుపు బాగుపడింది.

ఒక్క బ్రేకింగ్‌ని దగ్గరగా

స్టీరింగ్ నిటారుగా ఉంది, బోర్డు బానెట్ అంచుకి వచ్చింది. కాలు పెడల్ మీద పడ్డ వెంటనే ఒత్తిడి పైకి వెళ్లాలి, కానీ తన్నినట్టు కాదు. బరువు ముందు టైర్ల మీదికి రావడానికి కాస్త వ్యవధి కావాలి. అంతకు ముందే నూరు శాతం ఇస్తే ఏబీఎస్ లేని కారులో ముందు టైర్లు లాక్ అవుతాయి, అంటే తిరగడం మానేసి జారతాయి. కీచుమనే శబ్దం సాగుతుంది, స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికవుతుంది, ఎంత తిప్పినా కారు నేరుగానే పోతుంది. అప్పుడు పెడల్ పూర్తిగా వదలకండి, పదో వంతు తగ్గిస్తే టైరు మళ్లీ తిరుగుతుంది. రెక్కలున్న ఫార్ములా కారులో మొదటి క్షణమే అన్నిటికంటే గట్టిగా నొక్కగలిగేది, ఎందుకంటే వేగం ఉన్నప్పుడే గాలి కిందికి తొక్కుతుంది. వేగం తగ్గేకొద్దీ ఆ బలం పోతుంది, పెడల్ కూడా దాని వెంటే తగ్గాలి. గేర్లు ఒక్కొక్కటిగా దించండి. ఇంజిన్ వేగం తగ్గకముందే దించితే వెనక టైర్లు లాక్ అయి కారు తిరిగిపోతుంది.

స్టీరింగ్ తిప్పడం మొదలవగానే బ్రేక్ వదలడం మొదలవ్వాలి. ఈ వదలడమే ట్రైల్ బ్రేకింగ్, మలుపు విద్య అంతా ఇక్కడే ఉంది. టైరు పట్టు ఒకటే, దాన్ని ఆగడానికీ తిరగడానికీ పంచాలి. అయితే ఈ పంపకం కూడికలా జరగదు. పట్టులో 80 శాతం బ్రేక్‌కి వాడినా 60 శాతం తిరగడానికి మిగులుతుంది. కాబట్టి బ్రేక్ పూర్తిగా వదిలాకే తిప్పాలనే పాత అలవాటు పట్టుని వృథా చేస్తుంది. స్టీరింగ్ ఎంత పెరిగితే పెడల్ అంత తగ్గాలి, రెంటినీ ఒకే తాడుతో కట్టినట్టు. చాలా మలుపుల్లో పెడల్ సున్నాకి వచ్చేది ఏపెక్స్‌కి కాస్త ముందు.

పెడల్‌ని ఠక్కున వదిలేస్తే ముక్కు లేస్తుంది, ముందు టైర్ల మీద బరువు పోతుంది, కారు బయటికి జారుతుంది. దీన్ని "ఆలస్యంగా బ్రేక్ వేశాను" అని పొరబడి గుర్తుని వెనక్కి జరుపుతారు. జరిపాక కూడా కారు అలాగే జారితే లోపం గుర్తులో లేదు, వదలడంలో ఉంది. ఇందుకు విరుద్ధంగా, బ్రేక్ మీద ఉండగానే వెనక భాగం తిరిగిపోతుంటే స్టీరింగ్ తొందరపడి తిప్పుతున్నారేమో ముందు చూసుకోండి. తర్వాతే బ్రేక్ బయాస్‌ని (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేక్ బలం పంపకాన్ని) అర శాతం చొప్పున ముందుకి జరపండి. ముక్కు తిరగకపోతే అదే లెక్కన వెనక్కి.

మూడో తప్పు కంటికి కనిపించదు. మరీ ముందుగా బ్రేక్ వేసి, ఏపెక్స్ దాకా ఏ పెడల్ మీదా కాలు లేకుండా దొర్లుకుంటూ పోవడం. టెలిమెట్రీలో (కారు వేగం, పెడల్స్ వివరాలు గీతలుగా చూపే రికార్డులో) బ్రేక్ గీత సున్నాకి పడ్డాక థ్రాటిల్ గీత లేచేదాకా ఖాళీ ఉంటే అది ఇదే. అస్సెట్టో కోర్సా కాంపిటీజియోనే సిమ్ ఫైళ్లని మోటెక్ ఐ2 అనే ప్రోగ్రాంలో తెరిచి, మీకంటే అర సెకను వేగంగా ఉన్నవారి ల్యాపు పక్కన పెట్టి చూడండి. మూడు సెకన్ల వేగం ఉన్నవారిది వద్దు, అది వేరే లోకం. ప్రతి మలుపుకీ మూడే చూడాలి: బ్రేక్ మొదలైన చోటు, అతి తక్కువ వేగం, థ్రాటిల్ నూరుకి చేరిన చోటు. తక్కువ వేగం ఒకటే అయ్యి థ్రాటిల్ వెనకబడితే లైను సరిచేయండి. బ్రేక్ చోటు ఒకటే అయ్యి తక్కువ వేగం ఇంకా తక్కువైతే పెడల్ ఎక్కువసేపు పట్టుకున్నారు. టెలిమెట్రీ లేకపోతే మీ మెరుగైన ల్యాపు గోస్ట్ (ఆ ల్యాపుని మళ్లీ నడిపి చూపే నీడ కారు) చాలు, ఎంట్రీలో దాన్ని దాటి ఎగ్జిట్‌లో వెనకబడుతున్నారంటే బ్రేక్ మరీ ఆలస్యం.

ఎత్తుపల్లాలు, రేసు

ఎత్తు ఎక్కుతూ బ్రేక్ వేస్తే దూరం తగ్గుతుంది, దిగుతూ వేస్తే పెరుగుతుంది. గుట్ట నెత్తి మీద కారు తేలికవుతుంది, అక్కడ పెడల్ సడలించాలి. లగూనా సెకా ట్రాక్‌లోని కార్క్‌స్క్రూ మలుపులో ఎత్తెక్కుతూ బ్రేక్ వేస్తారు, దిగే దారి మాత్రం కనిపించదు. అలాంటి చోట దూరాన చెట్టునో స్తంభాన్నో చూసి కారుని దాని వైపు పెట్టడమే మార్గం.

రేసులో ముందు కారు స్లిప్‌స్ట్రీమ్‌లో (దాని వెనక గాలి అడ్డు తగ్గే చోట) ఉంటే స్ట్రెయిట్ చివర వేగం పెరుగుతుంది. 252 బదులు 263తో వస్తే, పైన చెప్పిన కారుకే ఇంకో 18 మీటర్లు కావాలి. లోపలి దారి కాపాడుకుంటూ వెళ్తే వంపు బిగుతవుతుంది, అక్కడా ముందే నొక్కాలి. వానలో పొడి లైను మీద పేరుకున్న రబ్బరు జారుతుంది, రంగు వేసిన కెర్బ్‌లు అంతకంటే జారతాయి. బయటి వైపు తారు మీద పట్టు వెతకండి. టైర్లు చల్లగా ఉన్న మొదటి ల్యాపులో ప్రతి గుర్తునీ కనీసం 10 మీటర్లు వెనక్కి జరిపి, రెండో ల్యాపు నుంచి ఒక్కో మలుపునీ పాత చోటుకి తెచ్చుకోండి.