పాటలోంచి గొంతును విడదీయడం – 3వ పాఠం: తీసివేత లెక్క

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేసే ఉంటారు. స్టీరియో పాటను ఆడాసిటీలో (శబ్దాలను ఎడిట్ చేసే ఉచిత ప్రోగ్రాము) తెరిచి, ‘స్ప్లిట్ స్టీరియో టు మోనో’ నొక్కి, రెండు ట్రాకుల్లో ఒకదాన్ని ‘ఇన్వర్ట్’ చేసి, అంటే అలను తలకిందులు చేసి, రెండూ కలిపి వినమన్నాను. గొంతు పోయి వాద్యాలు మిగలాలి. పూర్తిగా పోలేదు, ఎక్కడో గుహలోంచి పాడుతున్నట్టు సన్నగా వినబడుతోంది అంటారా? అది గొంతుకు తగిలించిన రివర్బ్, అంటే గదిలో మార్మోగినట్టు వినిపించే ప్రతిధ్వని. గొంతును నడిమధ్య పెడతారు కాబట్టి ఎడమలోనూ కుడిలోనూ ఒకేలా ఉంటుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సున్నా. రివర్బ్‌ను మాత్రం రెండు పక్కలా వేర్వేరుగా పరుస్తారు, అందుకే అది మిగిలిపోతుంది. బేస్ గిటార్, కిక్ డ్రమ్ కూడా గొంతుతో పాటే మాయమై ఉంటాయి. వాటి చోటూ మధ్యే మరి.

ఇక్కడికి రాగానే దాదాపు అందరికీ ఒక ఆలోచన తడుతుంది. నాకూ తట్టింది, ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది. ‘గొంతు లేని ట్రాకు చేతికొచ్చింది కదా, దాన్ని అసలు పాటలోంచి తీసేస్తే గొంతు ఒక్కటే మిగులుతుంది’ అని. వినడానికి ఎంత బాగుందో! ముందు కాగితం మీద వేసి చూడండి. గొంతు లేని ట్రాకు అంటే ఎడమలోంచి కుడి తీసేసినది. దాన్ని ఎడమ చానెల్లోంచి తీసేస్తే:

ఎడమ − (ఎడమ − కుడి) = కుడి

ఇంత కష్టపడితే వచ్చింది మొదట్నుంచీ మన దగ్గరున్న కుడి చానెలే! ఎడమ పక్కనున్న గిటార్ పోయింది, దాని చోట్లో కుడి పక్క కీబోర్డ్ వచ్చి కూర్చుంది. పోనీ కుడిలోంచి తీసేద్దామంటే కీబోర్డ్ రెట్టింపవుతుంది, గిటార్ తలకిందులై వచ్చి చేరుతుంది. ఇది ఆడాసిటీ లోపం కాదు. మనకు తెలియనివి మూడు: ఎడమ వాద్యాలు, కుడి వాద్యాలు, మధ్యనున్న గొంతు. చేతిలో ఉన్న సమీకరణాలు రెండే. బడిలో చదివిన బీజగణితం గుర్తుంటే తక్కినది నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి మూడో సమీకరణం కావాలి. అది తేలిగ్గా దొరికే చోటు ఒకటే, అదే పాటకు విడుదల చేసిన వాద్యాల వెర్షన్. అదే రికార్డింగ్ లోంచి గొంతు మాత్రం ఆపేసి తీసినదై ఉండాలి. వేరే వాద్యకారులు మళ్లీ వాయించిన కరోకే ఎంత బాగున్నా ఇక్కడ పనికిరాదు.

రెండు ఫైళ్లనూ ఒకే ప్రాజెక్టులో ఒకదాని కింద ఒకటి తెరవండి. ఈసారి స్టీరియోను విడగొట్టొద్దు. రెండూ 44,100 శాంపుల్ రేటులోనే (సెకనుకు అన్ని శబ్దపు కొలతలు) ఉన్నాయో లేదో చూసుకోండి. వాద్యాల ట్రాకును ఇన్వర్ట్ చేయండి. ఇప్పుడు గొంతు ఇంకా మొదలవని చోటు వెతకండి, పల్లవికి ముందొచ్చే సంగీతం అనుకోండి. మన తూకపురాయి అదే. అక్కడ రెండు ఫైళ్లలోనూ ఉన్నది ఒకటే కాబట్టి, కలిపి వింటే నిశ్శబ్దం రావాలి. ఏమైనా వినబడిందంటే అది మిగులు. దాన్ని తగ్గించడమే ఈ పాఠమంతా.

ఒక డ్రమ్ దెబ్బ మీద జూమ్ చేస్తూ పోండి. అల కాస్తా గీతగా, గీత కాస్తా చుక్కలుగా విడిపోయేదాకా. ఒక్కో చుక్క ఒక్కో శాంపుల్. పై ట్రాకులో కొండ ఉన్న చోట కింది ట్రాకులో అంతే లోతు గొయ్యి, చుక్కకు చుక్క ఎదురుగా పడాలి. ‘ఒక్క చుక్క అటూ ఇటూ అయితే ఏం కొంప మునిగింది?’ అనిపిస్తుంది. లెక్క చూడండి. ఒక్క శాంపుల్ తేడా ఉంటే 100 హెర్ట్జ్ (బేస్ లాంటి లోతు స్వరాలు) దగ్గర మిగులు సుమారు 37 డెసిబెల్స్ తగ్గుతుంది, భేష్. 1,000 హెర్ట్జ్ దగ్గర 17 డెసిబెల్సే తగ్గుతుంది. 10,000 దగ్గరికొచ్చేసరికి తగ్గకపోగా అసలు శబ్దం కంటే 2 డెసిబెల్స్ పైగా పెరుగుతుంది! బేస్ చక్కగా పోయి తాళాల చప్పుడు మాత్రం ఇసుక పోసినట్టు గరగరలాడుతుంటే, మీరు ఒకటి రెండు చుక్కల దూరంలో ఉన్నారని అర్థం. చుక్కలు ఎంత జరిపినా సరిగ్గా ఎదురుపడకపోతే, రెంటినీ 192,000కు రీశాంపుల్ చేసి అప్పుడు జరపండి. జరపడం సరిగ్గానే కుదిరి శబ్దం తగ్గే బదులు పెరిగిందంటే, ఆ వెర్షన్ మొదటే తలకిందులుగా వచ్చిందేమో, ఇన్వర్ట్ తీసేసి చూడండి.

తర్వాత వాల్యూమ్. అర డెసిబెల్ తేడా ఉన్నా మిగులు తగ్గడం 25 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. తేడాను పదో వంతు డెసిబెల్‌కు తెస్తే 39 దాకా వెళ్తుంది. ట్రాకు పక్కనున్న మీట నమ్మకండి, ‘ఆంప్లిఫై’లో అంకె టైపు చేయండి.

ఎంపీత్రీలతో ఈ పని మొదలెట్టకండి. ఎంపీత్రీని తయారుచేసే లేమ్ ఎన్‌కోడర్ ముందు 576 శాంపుల్స్, దాన్ని విప్పి వినిపించే డీకోడర్ ఇంకో 529 కలుపుతాయి, మొత్తం 25 మిల్లీసెకన్లు. దాన్ని కొన్ని ప్రోగ్రాములు కోసేస్తాయి, కొన్ని అలాగే ఉంచేస్తాయి. ఆ జరుగుడు సరిచేసుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. గొంతు మాటున చెవికి ఆనని వివరాలను ఎంపీత్రీ పారేస్తుంది. గొంతు లేని ఫైల్లో అదే వివరాలు పారేయకుండా ఉంచుతుంది. ఆ తేడా అంతా మిగులులోకి బుడగల చప్పుడులా వచ్చి పడుతుంది. ఏ వివరమూ పారేయని వేవ్ గానీ ఫ్లాక్ గానీ దొరకబుచ్చుకోండి.

ఇంత చేశాక ముందు సంగీతంలో నిశ్శబ్దం వచ్చింది. తీరా గొంతు మొదలవగానే వెనక వాద్యాలు లేచి పడుతున్నాయా? మీ తప్పేం లేదు. మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చివరి మెరుగు దిద్దేటప్పుడు, పాట మొత్తం మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కి పట్టేది) పెడతారు. గొంతు గట్టిగా లేచినప్పుడల్లా లిమిటర్ వాద్యాలను కూడా నొక్కేస్తుంది. గొంతు లేని వెర్షన్లో ఆ నొక్కుడు ఉండదు. కాబట్టి గాయకుడు గట్టిగా పాడిన చోటే మిగులు ఎక్కువగా ఉంటుంది. తీసివేతతో దీన్ని పూర్తిగా బాగుచేయలేం. ఆ నాలుగైదు చోట్ల ‘ఎన్వలప్’తో (చోటును బట్టి వాల్యూమ్ మార్చే పనిముట్టు) వాద్యాల ట్రాకును కాస్త తగ్గించడం నేను చేసే సర్దుబాటు. సగం పని చేస్తుంది.

ఇంకొకటి. ముందు బాగుండి చివరికొచ్చేసరికి మిగులు పెరుగుతూ పోతే, రెండు ఫైళ్ల వేగం వేర్వేరు. క్యాసెట్ నుంచి ఎక్కించినవైతే ఇలాగే జరుగుతుంది. టేపు ఏ రెండుసార్లూ ఒకేలా తిరగదు కనుక వాటి మీద మీ సాయంత్రాలు పాడుచేసుకోకండి.

వాద్యాల వెర్షన్ అసలు లేని పాటల సంగతి వచ్చే పాఠంలో. అక్కడ మూడో సమీకరణాన్ని ఊహించి రాసే ప్రోగ్రాములు వస్తాయి: డీజర్ సంస్థ 2019లో ఉచితంగా ఇచ్చిన స్ప్లీటర్, దాని తర్వాత డీమక్స్. ఈలోపు ఒక పాట పట్టుకుని, ముందు సంగీతంలో మిగులు ఎన్ని డెసిబెల్స్ తగ్గించగలిగారో రాసి పెట్టుకోండి. 30 దాటితే ఆ ఫైలు చెరపకండి. ఆ ప్రోగ్రాములు తీసిన గొంతును దాని పక్కన పెట్టి వింటాం.