ఆరాధన బృందాన్ని నడిపించడం – 4వ పాఠం: శృతి ఎవరి గొంతుకు?

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను: మూడో చరణం దగ్గర కళ్లు తెరిచి సంఘాన్ని చూడమని. సగం మంది నోరు మూసుకుని నిలబడ్డారా? భక్తి తగ్గిందని బాధపడకండి, ముందు శృతి, అంటే పాటను ఎంత ఎత్తులో అందుకున్నామో చూడండి.

మన దగ్గర లీడ్ పాడే అక్క ఏ స్కేల్ (ఏ స్వరాన్ని 'స'గా పట్టుకుంటామో అది) అంటే కీబోర్డ్ తమ్ముడు అదే పట్టుకుంటాడు. లేదంటే యూట్యూబ్‌లో విన్న స్కేలే. అక్కడ పాడింది రోజూ సాధన చేసే గొంతులు. మన బెంచీల్లో ఉన్నవి వారమంతా పాటే ఎరగని గొంతులు.

పాటలో అన్నిటికన్నా పై స్వరం ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు పల్లవిలో దొరకదు, చరణంలోనే దాక్కుంటుంది. ఆడవాళ్లకు ఆ స్వరం 'మధ్య సి' (కీబోర్డ్ నడుమ ఉండే సి) తర్వాత వచ్చే రెండో డి దాటకుండా చూడండి. మగవాళ్లు ఒక స్థాయి కింద పాడుకుంటారు. పెద్దవాళ్లు ఎక్కువున్న సంఘమైతే నేను ఆ డి కింది సి దగ్గరే ఆగిపోతాను.

ఉదాహరణకు మేజర్ స్కేల్ పాట ఒకటి పంచమం (ప) దాకా వెళ్తుంది. 'ఏ' (A) స్కేల్‌లో పాడితే ఆ పంచమం 'ఇ' అవుతుంది, జి స్కేల్‌లో 'డి'. తేడా రెండు మెట్లే (నల్ల కీలు కూడా లెక్కేసి), కానీ వెనక బెంచీ గొంతు కలుపుతుంది. గిటార్‌లో 'ఏ', డి, ఇ కార్డ్స్ కాస్తా జి, సి, డి అవుతాయి. ఇంకో పాట పై షడ్జమం (స) దాటి రిషభం (రి) తాకితే జి కూడా పనికిరాదు, సి స్కేల్‌కు దించాల్సిందే.

కీబోర్డ్‌లో నొక్కితే స్కేల్ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉందిగా అంటారేమో. ఒక క్రిస్మస్ ఆరాధనలో మైనస్ 2 (రెండు మెట్లు కిందికి) పెట్టి, తర్వాతి పాటకు సున్నాకు తేవడం నేనే మర్చిపోయాను. గిటార్ ఒక దారి, కీబోర్డ్ ఒక దారి! పైగా తబలాకు ఆ బటన్ లేదు. సుత్తితో తట్టి శృతి చేసుకోవాలి, అదీ కొద్దిగానే మారుతుంది. అందుకే ఒకే స్కేల్ పాటలు పక్కపక్కన పెట్టుకోండి.

ఇక అక్కకు చెప్పడం. అందరి ముందూ అనకండి. "అక్కా, నీకు ఇది సులువే, మా అమ్మ అందుకోలేకపోతోంది" అంటే చాలు, మా బృందంలో ఆ మాటకు ఎవరూ నొచ్చుకోలేదు.

ఈ వారం పని: ఆదివారం పాటలు మూడు తీసుకుని, ఒక్కోదాని పై స్వరం, స్కేల్ నోట్‌బుక్‌లో రాయండి. శనివారం ప్రాక్టీస్‌లో ఒక చరణం వాయిద్యాలు ఆపేసి, పాటలు రాని ఒకరిని పిలిచి పాడించండి.